నేను నింపిన అరవై ఫారాలు

మా బీరువా అడుగు అరలో, పాప టీకాల కార్డు కింద, ఒక ప్లాస్టిక్ కవరులో నలభై కాగితాలున్నాయి. మూడేళ్లుగా ఉన్నాయి. కార్డు కోసం చెయ్యి పెట్టిన ప్రతిసారీ వాటికి తగులుతుంది. తగలగానే వెనక్కి తీసుకుంటాను. తూకం వేస్తే పావు కిలో ఉండవు. ఇంత తేలిక కాగితాలు ఇన్నాళ్లు ఇంత బరువుగా ఎలా ఉన్నాయో నాకే అర్థం కాదు. అందులో ఏముందని మా ఆయన ఒకసారి అడిగితే, పాత పరీక్ష పేపర్లన్నాను.

అదీ అబద్ధమే. ఒక అబద్ధానికి కాపలాగా ఇంకొకటి.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను కాబోలు. తెలిసినవాళ్లకు చెబితే వెంటనే ఓదారుస్తారు. అన్ని కాలేజీల్లో జరిగేదే కదా అంటారు. నిజమే, జరిగేదే. కానీ ఆ మాట వినడానికి నేను చెప్పడం లేదు. పాప నిద్రపోయాక, వంటింటి లైటు కింద కూర్చుని, మొదటిసారి జరిగింది జరిగినట్టు రాయాలని చూస్తున్నాను. రాయగలనా?

నేను నారాయణగూడలో ఒక ఎంబీఏ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. కింద మందుల దుకాణం, పైన మూడంతస్తుల్లో మా కాలేజీ. చిక్కడపల్లిలో మా ఇంటి నుంచి నడిచి వెళ్లేదాన్ని. నేను చెప్పే పేపరు ఎంట్రప్రెన్యూర్‌షిప్. అంటే సొంతంగా ఏదైనా కొత్తది మొదలుపెట్టి నడపడం ఎలాగో నేర్పే పాఠం. ఆ పేపరు ఎవరికీ ఇష్టం ఉండదు. ఫైనాన్స్ సీనియర్లు తీసుకుంటారు, మార్కెటింగ్ మాటకారులు తీసుకుంటారు, ఇది కొత్తగా చేరినవాళ్లకు మిగులుతుంది. అలా నా ఒళ్లో పడింది.

నేను జీవితంలో ఒక్క వస్తువు అమ్మినదాన్ని కాదు. మా నాన్న గుమాస్తా. మా అమ్మకు కూరల బండి దగ్గర బేరం ఆడటానికి కూడా మొహమాటం. నారాయణగూడ చౌరస్తాలో రోడ్డు దాటడానికి ఎవరైనా తోడు దొరికేదాకా నిలబడే మనిషిని, క్లాసులోకి వెళ్లి, ధైర్యంగా ముందడుగు వేసేవాళ్ల లక్షణాలు పద్నాలుగని నోట్సు చెప్పేదాన్ని. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో పద్నాలుగూ వరుసగా రాసేవాళ్లు. నేను మార్కులు వేసేదాన్ని. ఒక ఏడాది అలా గడిచింది.

రెండో ఏడాది మా హెచ్ఓడీ సారు నన్ను లెక్చరర్లకని పెట్టిన మూడు రోజుల శిక్షణకు పంపారు. అక్కడ ఒకాయన మాకు పాఠం చెప్పలేదు. తలా ఒక పాత న్యూస్‌పేపరు ఇచ్చి, దీంతో ఏదైనా చేసి బయట ఎవరికైనా అమ్ముకుని రండి అన్నాడు. మేమంతా సిగ్గుతో నవ్వుకున్నాం. నేను పొట్లాలు చుట్టి, గేటు బయట పల్లీల బండి దగ్గరికి వెళ్లాను. బండి ముసలాయన వాటిని చూసి, "పొట్లాలు నాకే వస్తయి బిడ్డా. వానొస్తే కప్పేటిది ఏమన్న జేస్తె జెప్పు" అన్నాడు.

నా పొట్లాలు అమ్ముడుపోలేదు. అయినా ఆ సాయంత్రం బస్సులో ఎంత సంతోషంగా ఉన్నానో. ఒక మనిషిని అడిగితే, తనకేం కావాలో తనే చెప్పాడు. నా నోట్సులోని పద్నాలుగు లక్షణాల్లో ఇది లేదు. ఇది నేర్పితే చాలు కదా అనిపించింది. ఇప్పటికీ ఆ బస్సు కిటికీ పక్కన కూర్చున్న నన్ను తలుచుకుంటే, నాకు బాగా తెలిసిన ఒక మంచి అమ్మాయి ఎక్కడికో వెళ్లిపోయినట్టు ఉంటుంది.

ఆ ఏడాది పిల్లలతో నోట్సు రాయించలేదు. మీ మనసులో ఉన్న పని ఏదో చెప్పండి, దానికి మనుషులున్నారో లేదో వీధిలోకి వెళ్లి అడిగి రండి అన్నాను. ఒక్కొక్కరు వంద మందిని అడగాలి. ఒక్కొక్క మనిషికి ఒక ఫారం. కావాలా వద్దా, ఎంతకైతే కొంటారు, ఏ వేళకు కావాలి. ఇంతే.

మీకు ఈ లోకం తెలియకపోతే ఒక మాట చెప్పాలి. ఆ ఫారాలు ఎవరూ బయటికి వెళ్లి నింపరు. పిల్లలు గదిలో కూర్చుని, రెండు మూడు రంగుల పెన్నులు పెట్టుకుని, ఒకరి చేత ఒకరు రాయిస్తూ ఒక పూటలో వంద పూర్తి చేస్తారు. మాస్టర్లకు తెలుసు. యూనివర్సిటీ నుంచి వచ్చి తనిఖీ చేసేవాళ్లకూ తెలుసు, వాళ్లూ మాస్టర్లే కదా. వంద ఉన్నాయా అని లెక్కపెట్టి సంతకం పెడతారు. నా క్లాసులోనూ అలాగే తెచ్చారు. ఒక్క రజిత తప్ప.

రజిత జనగామ వైపు ఊరి పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది. ఎప్పుడూ నడుస్తూనే మాట్లాడేది. అశోక్‌నగర్‌లో లేడీస్ హాస్టల్లో ఉండేది. గదిలో మిగతా ముగ్గురూ సర్కారు కొలువుల పరీక్షలకు చదివేవాళ్లు. ఆ గల్లీల నిండా అలాంటి పిల్లలే. రోజూ అన్నం, నీళ్ల పప్పు. మా అమ్మ చేసే జొన్న రొట్టె దొరికితే వీళ్లంతా ప్రాణం పెడతారు మేడం అనేది రజిత. రాత్రి భోజనానికి హాస్టళ్లకు రొట్టెలు పంపాలన్నది ఆమె ఆలోచన.

ఆమె నిజంగానే అడగడానికి బయలుదేరింది. అబ్బాయిల హాస్టళ్ల ముందు ఒక్కదానికి ఇబ్బందని నేను తోడు వెళ్లాను. మూడు సాయంత్రాలు. కాలేజీ అయ్యాక, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, అశోక్‌నగర్ గల్లీల్లో ఆ పిల్ల వెనక పరిగెత్తినట్టే నడిచాను. జిరాక్స్ షాపుల ముందు, టీ కొట్టు దగ్గర, అక్కడి పెద్ద లైబ్రరీ మెట్ల మీద, ఎక్కడ ఎవరు నిలబడి ఉంటే వాళ్లను ఆపేది. ఒకబ్బాయి ఫారం చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "నింపుత అక్కా. గని దీనికి హాల్ టికెట్ ఎప్పుడొస్తది?" అన్నాడు. పక్కనున్నవాళ్లు గొల్లుమన్నారు. రజిత తగ్గలేదు. "రొట్టె తిన్నంక వస్తది తమ్మీ, ముందుగాల నింపు" అంది.

వాళ్లు ఫారంలో అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పి ఊరుకోరు. ఏదేదో చెప్తారు. ఆ ఏదేదో రాయడానికి నా ఫారంలో జాగా లేదు. అందుకని రజిత కాగితం తిప్పి వెనక పక్క రాసేది. గోడకు ఆనించి, వంకర టింకర అక్షరాలతో. అవెందుకని నేను అడగలేదు. నాకు కాళ్లు నొప్పులు. సంతోషంగా కూడా ఉంది. రజిత ముందు నడుస్తూ మాట్లాడుతుంటే, ఆమె ఏదో ఒకటి మొదలుపెడుతుంది, నేను చూస్తాను అనుకునేదాన్ని. నా వల్ల కానిది నా కళ్ల ముందు జరుగుతుంది అనుకునేదాన్ని. అంతకంటే ఎక్కువగా ఆ రోజుల్లో నేను ఇంకేదీ కోరుకోలేదు.

మూడు సాయంత్రాలకు నలభై ఫారాలయ్యాయి. అవునన్నవి తొమ్మిది.

తర్వాత ప్రత్యేక రాష్ట్రం కోసం బందులు వచ్చాయి. 2011లో ఇక్కడున్నవాళ్లకు తెలుసు, ఏ రోజు కాలేజీ ఉంటుందో ఏ రోజు ఉండదో చెప్పలేని ఏడాది. హాస్టళ్లు సగం ఖాళీ. పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. మళ్లీ కాలేజీ తెరిచిన రోజే హెచ్ఓడీ సారు పిలిచి, రెండు రోజుల్లో తనిఖీ కమిటీ వస్తోందన్నారు. మా పేపరు నుంచి ఒక మంచి ఫైలు పెట్టాలి. రజిత ప్రాజెక్టు బాగుంది, అదే పెడదాం అన్నారు. ఫారాలు చూసి ముఖం చిట్లించారు. ఒకదాని మీద టీ మరక. ఒకదానికి మూల చిరిగింది. "నలభై ఏందమ్మా, వంద ఉండాలె. ఇందుల కావాలన్నోళ్లే లేరు గదా. డిమాండ్ లేకపోతె ప్రాజెక్టు ఎట్లయితది? సాఫ్‌గ రాయించి పెట్టు" అన్నారు.

ఇది ఆయన మీదికి తోయడానికి చెప్పడం లేదు. ఆయన వంద ఉండాలన్నారు. ఎలాగో చెప్పలేదు. ఎలాగో నాకు తెలుసు.

రజిత అప్పుడు రిపోర్టు టైపు చేయించడానికి నెట్ సెంటర్ల చుట్టూ తిరుగుతోంది. ఫారాలు నేను చూసుకుంటానన్నాను. ఇంటికి తెచ్చుకున్నాను. ముందు ఆమె నలభై ఫారాలూ తెల్లటి కాగితాల మీదికి ఎక్కించాను. పేరు, కావాలా వద్దా, ఎంత, ఎప్పుడు. ముందు పక్క మాత్రమే. ఆ నలభైలో ఏదీ మార్చలేదు. వెనక పక్క తిప్పనూ లేదు.

తర్వాత మిగిలిన అరవై.

మూడు పెన్నులు పెట్టుకున్నాను. నీలం, నలుపు, ఇంకో నీలం. మొదటి నాలుగైదు ఆగి ఆగి రాశాను. ఆ తర్వాత ఆగలేదు. నిజం చెప్పాలి కదా. సరదా వేసింది. శ్రీను, సూర్యాపేట. మల్లేశం, సిద్దిపేట. ఒకతనికి రాత్రి ఎనిమిదికి కావాలి, ఇంకొకతనికి తొమ్మిదికి. ఒకతను రోజూ రెండు కావాలంటాడు. నమ్మేలా ఉండటానికి మధ్య మధ్య ఆరుగురి చేత వద్దనిపించాను. ఆ ఆరుగురి గురించి ఆలోచించినంతగా నేను ఆ నిజమైన నలభై మంది గురించి ఆలోచించలేదు. అప్పుడు నాకు మూడో నెల. ఒంట్లో బాగుండేది కాదు. అలిసిపోయి చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అలిసిపోయినవాళ్లు పేర్లకు ఊళ్లు వెతకరు. నేను రజితకు కావలసిన మనుషులను తయారు చేశాను. ఆమె గెలవాలని ఎంత అనిపించిందంటే, గెలిపించేవాళ్లను రాసేసుకున్నాను. అది ప్రేమా? నా పేరున ఒక మంచి ఫైలు ఉండాలన్న ఆశా? విడదీసి చూద్దామంటే రెండూ ఒకే పెన్నుతో రాసినట్టున్నాయి.

మర్నాడు రజిత స్టాఫ్ రూముకి వచ్చింది. చేతిలో మొత్తాల కాగితం. నా బల్ల పక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"మేడం, నా నలభైల తొమ్మిదే అవునులున్నయి. మిగిలిన అరవైల యాభై నాలుగున్నయి. గిదెట్ల?"

"నువ్వు లైబ్రరీ దిక్కు, లేడీస్ హాస్టళ్ల దిక్కు ఎక్కువ తిరిగినవ్. వాళ్లు వెనక గల్లీలల్ల అడిగిన్రు. అన్నీ అబ్బాయిల హాస్టళ్లు. ఇంటి తిండి మీద మనసు వాళ్లకే ఎక్కువుంటది."

"ఎవరడిగిన్రు మేడం?"

"బీ సెక్షన్ పిల్లలు."

ఆమె కాగితం వైపు చూసింది. నా వైపు చూసింది. అనుమానం కాదు. ఆశపడటానికి భయపడేవాళ్ల చూపు.

"మీరు జూసిన్రా మేడం, ఆ ఫారాలు?"

"ఒక్కొక్కటి చూసిన."

"అయితె ఇగ నాకేం పరేషాన్ లేదు" అంది. నవ్వింది. నేనూ నవ్వాను.

ఆ నిమిషం దగ్గరికి ఎన్నిసార్లు తిరిగి వెళ్లానో. బల్ల మీద గ్లాసులో సగం టీ ఉంది. ఫ్యాను కింద కాగితాలు ఎగరకుండా డస్టర్ పెట్టి ఉంది. స్టాఫ్ రూములో మేమిద్దరమే. రజితా, ఇవి కమిటీ కోసం నేనే నింపిన, వీటిని నమ్మకు అంటే సరిపోయేది. ఆ పిల్ల తిట్టేది కూడా కాదు. అందరికీ తెలిసిన పనే కాబట్టి నవ్వి ఊరుకునేది. ఎందుకు చెప్పలేదు? వీధిలోకి వెళ్లి అడగండి అని నేర్పినదాన్ని నేనే. నేనూ అందరిలాంటిదాన్నే అని ఆమెకు తెలియడం ఇష్టం లేక చెప్పలేదు. ఇంతకంటే పెద్ద కారణం ఎంత వెతికినా దొరకలేదు.

కమిటీ వచ్చింది. ఫైలు బాగుందంది. సారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు.

చివరి పరీక్షలు కాకముందే రజితకు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. లెక్కలు చూసే పని. ఊళ్లో వాళ్లంతా అందులో చేరమన్నారట. వందలో అరవై మూడు మంది కావాలన్నాక చేరడమెందుకని రజిత వద్దనుకుంది. ఆ సంగతి నాకు ఫోన్ చేసి చెప్పింది. ఆలోచించుకో అన్నాను. అంతకు మించి అనలేదు. ఆలోచించుకో. నాకు తెలిసింది దాచిపెట్టి ఆలోచించుకోమంటే ఆమె దేన్ని పట్టుకుని ఆలోచిస్తుంది?

వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చింది. అశోక్‌నగర్‌లో ఒక వెనక గది కిరాయికి తీసుకున్నారు. తల్లి రొట్టెలు చేసేది. కూతురు బుట్టలో పెట్టుకుని హాస్టళ్లు తిరిగేది. మా ఇంటి నుంచి పది నిమిషాల నడక. రమ్మని రెండుసార్లు పిలిచింది. నేను వెళ్లలేదు. వాంతులని చెప్పాను. ఒకసారి కూరలకు వెళ్లినప్పుడు రోడ్డుకు అవతల తల్లీకూతుళ్లు కనిపించారు. తల్లి చంకన బుట్ట, రజిత చేతిలో స్టీలు డబ్బా. రజిత ఏదో చెప్తూ ముందు నడుస్తోంది, తల్లి వెనక. మూడు సాయంత్రాలు నేను నడిచినట్టే. పక్కనే ఉన్న చెప్పుల షాపులోకి వెళ్లి, వాళ్లు దాటిపోయేదాకా అక్కర్లేని చెప్పులు తొడుక్కుని చూశాను.

రొట్టెలు మొదలుపెట్టిన మూడో నెల చివర రజిత మా ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం వేళ. గది ఖాళీ చేశామంది. సామాన్లు రైల్వే స్టేషన్‌లో అమ్మ దగ్గర ఉన్నాయంది. నేను ఏమీ అడగకముందే తప్పంతా తనదేనని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి వారం పిల్లలు సరదాకి కొన్నారట. తర్వాత కొనలేదట. తనకు చెప్పుకోవడం రాలేదట. వేడిగా అందించలేకపోయిందట. ఆ తర్వాత ఒక మాట అంది.

"ఫైల్ల ఉన్న పేర్లు రాసుకోని ప్రతి హాస్టల్ల అడిగిన మేడం. సూర్యాపేట శ్రీను, సిద్దిపేట మల్లేశం. ఒక్కరు దొరకలే. పరీక్షలైనయి గదా, ఖాళీ జేసి పోయుంటరు. నేనే జర ముందుగాల మొదలువెట్టాల్సుండె."

ఎండలో, ఒక్కతే, తలుపు తలుపూ తట్టి, నేను పుట్టించిన మనుషుల కోసం తిరిగింది. వాళ్లు దొరకకపోతే ఆ తప్పు కూడా తన మీదే వేసుకుంది.

నేనేం చేశానో చెప్తాను. ఆమె భుజం మీద చెయ్యి వేశాను. పుస్తకంలో ఓటమి నుంచి నేర్చుకోవడం గురించి ఒక పేజీ ఉంటుంది. ఆ పేజీ చెప్పాను. ఆమె క్లాసులో కూర్చున్నట్టే తలూపుతూ వింది. వెళ్తూ వెళ్తూ గుడ్డలో చుట్టిన రెండు రొట్టెలు బల్ల మీద పెట్టింది. అమ్మ మీకిమ్మంది మేడం, ఈ టైంల మంచిగ తినాలె అంది. గేటు వేసి వెళ్లిపోయింది. చల్లారిపోయినా మెత్తగా ఉన్నాయి. రెండూ తిన్నాను. అంత మంచి రొట్టె నేను ఎప్పుడూ తినలేదు.

ఆ తర్వాతే ఆ నలభై కాగితాలు తీసి వెనక పక్క చదివాను.

అందులో అన్నీ ఉన్నాయి. "మెస్ పైసలు నెల ముందే కట్టించుకుంటరు, రాత్రికి మళ్ల ఎవరు కొంటరు." ఇదే మాట ఏడెనిమిది మంది చెప్పారు. ఇంకొకటి దాదాపు పదిహేను మంది చెప్పారు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా. "రాత్రికి వద్దు, పగటీలికి కావాలె." "లైబ్రరీల సీటు కోసం పొద్దుగాలనే లైన్ల నిలవడ్త. తినేతందుకు లేస్తె సీటు పోతది. పగలంత ఉపాసమే." "గేటు కాడికి ఎవరన్న తెస్తె నిలవడి తిని పోత." ఆ గోడకు ఆనించి రాసిన వంకర అక్షరాలలో, ఏం కావాలో, ఎప్పుడు కావాలో, ఎక్కడికి తేవాలో మొత్తం ఉంది. పల్లీల బండి ముసలాయన నాకు చెప్పినట్టే వాళ్లూ చెప్పారు. రజిత విని రాసింది. రాసిన పిల్లకు తన కాగితాల కన్నా, నేను ఒక్కొక్కటీ చూశానని చెప్పిన అరవై మీదే నమ్మకం కుదిరింది. మేడం చూసింది కదా.

అప్పుడైనా ఫోన్ చేయవచ్చు. ఆమె నంబరు పని చేస్తూనే ఉంది. రజితా, రాత్రికి కాదు మధ్యాహ్నానికి, హాస్టళ్లకు కాదు లైబ్రరీ గేటుకు అని చెప్పవచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదు మేడం అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి పెట్టేశాను. రేపు చేద్దామనుకున్నాను. తర్వాత ఉద్యోగం మానడం, కాన్పు, పాప, పాలు, జ్వరాలు. ఏడాది దాటాక ఒక రోజు ధైర్యం చేసి కలిపితే, ఆ నంబరు ఇప్పుడు ఎవరిదీ కాదని ఫోన్‌లో రికార్డు గొంతు చెప్పింది. ఫారాలు నింపడం మొదటి తప్పు. అది పదిమందీ చేసేది. ఇలా తెలిసీ చెప్పకపోవడం నేను ఒక్కదాన్నే చేశాను.

పాపకు ఇప్పుడు రెండున్నరేళ్లు. సాయంత్రాలు ఎత్తుకుని లైబ్రరీ దాకా నడుస్తాను. కొన్నిసార్లు మధ్యాహ్నమే వెళ్తాను, పని కల్పించుకుని. ఈ మధ్య గేటు దగ్గర ఒకావిడ స్టీలు గిన్నెలు పెట్టుకుని పులిహోర, పెరుగన్నం అమ్ముతోంది. పిల్లలు పుస్తకాలు సీట్ల మీదే పెట్టి వచ్చి, నిలబడి, గబగబా తిని లోపలికి పరిగెడతారు. దూరం నుంచి ఆవిడ వీపు కనిపించగానే నా నడక ఆగిపోతుంది. సన్నగా, పొడుగ్గా ఉందా? కాదు. తెలుసు, కాదని. అయినా ప్రతిసారీ ఆగుతుంది. ఆమె ఇప్పుడు ఎక్కడుందో. ఏదైనా మొదలుపెట్టిందా? ఎవరైనా అవునంటే నమ్ముతుందా? పాప నా చెంప పట్టుకుని ఎవలమ్మా, ఎవలు అని అడుగుతుంది. పాపను ఇంకో చంకకు మార్చుకుని నడుస్తాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకంటే, మొన్న హెచ్ఓడీ సారు ఫోన్ చేశారు. జూన్ నుంచి మళ్లీ రమ్మన్నారు. అదే పేపరు. నాకు ఎంత ఆశ వేసిందో చెప్పలేను. చీర కుచ్చిళ్లు దోపుకుని పిల్లలను వీధిలోకి తీసుకెళ్లాలని, మనుషులను అడగాలని, వెనక పక్క కూడా రాయమని చెప్పాలని. ఆ తర్వాత ఆయన అన్నారు: "నువ్వు జేయించిన ఆ రొట్టెల ఫైలుందే, ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌కు అదే చూపిస్తున్నం అమ్మా. సర్వే అంటె గిట్ల జేయాలె అని."

మూడేళ్లుగా శ్రీను, మల్లేశం ఆ పిల్లలకు పాఠం చెప్తున్నారు.

ఇంట్లో అడిగి చెప్తానన్నాను. రేపు చెప్పాలి. ఉద్యోగం సంగతి తర్వాత, ముందు ఆ ఫైలు ఎవరికీ చూపించవద్దని చెప్పాలి. ఎందుకని అడుగుతారు. అప్పుడు నోరు పెగులుతుందో లేదో తెలియదు. మీకు చెప్పినంత సులువు కాదు అది. మీరు నన్ను క్షమించలేరు. ఆ హక్కు ఉన్న మనిషి వేరే ఉంది. ఆమె చిరునామా నా దగ్గర లేదు.

ఆ కవరు ఇప్పుడు బల్ల మీద ఉంది. ఇది రాయడానికని చాలాకాలం తర్వాత తీశాను. మొదటి ఫారం చూశాను. దీని సంగతి చివరికి పెట్టుకున్నాను, వీలైతే చెప్పకుండా వదిలేద్దామని. మొదటి సాయంత్రం కాలేజీ మెట్లు దిగుతూ రజిత, బోణీ మీదే మేడం, మీతోనే మొదలువెడ్త అంది. నా పేరు రాసింది. కావాలా వద్దా దగ్గర అవును అని టిక్కు పెట్టింది. కాగితం తిప్పి వెనక రాసింది. "మేడం రోజూ తింటరంట."

మూడు నెలలు పది నిమిషాల దూరంలో ఆమె అమ్మింది. నేను ఒక్క రొట్టె కొనలేదు.

అవునన్న తొమ్మిది మందిలో నేనొకదాన్ని. నేను నింపిన అరవై ఎలాగూ అబద్ధాలే. ఆమె నిజంగా తిరిగి తెచ్చిన నలభైలో కూడా ఒకటి అబద్ధం ఉంది. అది నాది. ఇన్నాళ్లూ నేను ఎవరికీ చెప్పలేకపోయినది ఇదే. ఇప్పుడు చెప్పాను.